బాయి మూతపడ్డ ఊళ్లో ఫుట్‌బాల్ మైదానం: ఒక కౌన్సిలర్ అనుభవం

2020 జనవరి 22న పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు మా వార్డు మహిళలకు రిజర్వు అయింది. పోటీ చేశాను, గెలిచాను, 27న ప్రమాణం చేశాను. 2025 జనవరి 26తో పదవీకాలం ముగిసింది. ఆ ఐదేళ్లలో సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, పింఛన్ల దరఖాస్తులు అన్నీ చూశాను. అవి ఏ కౌన్సిలరైనా చూసే పనులే. ఇక్కడ రాయాలనుకున్నది ఒకే ఒక్క ఫైలు గురించి. రెండెకరాల పైచిలుకు ఫుట్‌బాల్ మైదానం ఫైలు అది. దాని వెంట తిరిగితే తప్ప మా ప్రాంత రాజకీయం నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మాది మంచిర్యాల జిల్లాలో ఒక బొగ్గు గనుల పట్టణం. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో అధికారులున్నారు, తోటి కౌన్సిలర్లున్నారు. చాలామంది ఇప్పటికీ పక్క వీధుల్లోనే ఉంటారు, పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటాం. ఎవరినీ దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పాలన్నదే నా ఆరాటం.

బొగ్గు ప్రాంతం గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాత గోదావరికి ఇవతలి ఒడ్డుకూ బాయిలు వచ్చాయి. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. బాయి చుట్టూ క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, క్లబ్బు, ఆటస్థలం అన్నీ కంపెనీయే కట్టింది. సైరన్ మోగితే ఊరు లేచేది, మళ్లీ మోగితే అన్నం తినేది. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, గోల్డెన్ హ్యాండ్‌షేక్ అనే స్వచ్ఛంద విరమణ డబ్బు తీసుకుని వేలమంది ముందే ఇంటికి వెళ్లారు. మా ఊళ్లో ఇంక్లైన్లు, అంటే ఏటవాలు దారితో దిగే బాయిలు మూసేశాక ఆఫీసులు వేరే ఏరియాకు తరలాయి, డాక్టర్లు తరలారు, వాళ్ల వెనకే దుకాణాలు తరలాయి. భూమి మాత్రం తరలలేదు. అది కంపెనీ పేరు మీదే ఉండిపోయింది.

మా నాన్న కోల్ ఫిల్లర్. తట్టతో బొగ్గు నింపే మనిషి. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, సాయంత్రం నాలుగున్నరకల్లా మైదానంలో ఉండేవారు. బాయికొక జట్టు ఉండేది. మా నాన్న వెనుక వరసలో, ఎడమ పక్కన ఆడేవారు. ఆయన నోట కోచ్ రహీం సాబ్ పేరు, ఆటగాడు తులసీదాస్ బలరాం పేరు ఎప్పుడూ వినపడేవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినా ఆ జట్ల కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఈ సంగతులు మా నాన్న పదేపదే చెప్పడం వెనుక ఒక పంతం ఉండేది. తెలంగాణ వాళ్లకు ఏమీ రాదన్న మాట ఆయన తన ఉద్యోగంలో చాలాసార్లు పడ్డారు. 1969 ఉద్యమం నాటికి ఆయన కుర్రవాడు. ఆ ఉద్యమానికి తొలి కదలిక పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న గొడవ నుంచే వచ్చింది. బొగ్గు మాది, కొలువు వేరేవాళ్లది అన్న మంట మా ప్రాంతంలో అంత పాతది. ఆ మంటకూ ఆ ఆటకూ మా ఊళ్లో ఒకటే చోటు. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది. బాయిలు ఆగిపోయాయి. వంటా వార్పూ మా మైదానంలోనే జరిగింది. పెనాల్టీ గీత ఉండే చోట పొయ్యిలు పెట్టి అన్నం వండాం. నేనూ కూరగాయలు తరిగాను.

2014లో రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లా కూడా వచ్చింది. నేను కౌన్సిలరైన ఏడాది మైదానం చూస్తే గుండె తరుక్కుపోయింది. సర్కారు తుమ్మ నడుమెత్తు పెరిగింది. ఒక మూల కూల్చిన ఇళ్ల శిథిలాలు పోసుకుపోయారు. మిగిలిన ముక్కలో పిల్లలు రాళ్లను గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడుతున్నారు.

2020 ఫిబ్రవరి 24న పట్టణాలను బాగుచేసే ప్రభుత్వ కార్యక్రమం పట్టణ ప్రగతి మొదలైంది. వార్డు కమిటీలు వేశారు. 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వయోధికులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్క కమిటీ ఉండాలి, ఒక్కోదాంట్లో పదిహేను మంది. చాలా చోట్ల ఇవి కాగితం మీదే ఉంటాయి. మా వార్డులో నేను యువత కమిటీలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లను, వయోధికుల కమిటీలో ఒకప్పుడు ఆడినవాళ్లను వేసుకున్నాను. అప్పుడు అందరూ నవ్వారు. తర్వాత ఆ రెండు కమిటీలే మైదానాన్ని కాపాడాయి. ప్రగతి పనుల్లో భాగంగా జేసీబీ పెట్టి తుమ్మ తీయించాం. ఏళ్ల తర్వాత మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు కనబడింది. ఆ సాయంత్రం ఎంతమంది పిల్లలు వచ్చారో! నెల తిరగకుండానే కరోనా వచ్చి అందరం ఇళ్లలో కూర్చున్నాం.

అసలు చిక్కు ఆ ఏడాది చివర్లో వచ్చింది. ప్రతి పట్టణంలోనూ సమీకృత మార్కెట్ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. కూరగాయలు, మాంసం, చేపలు, పూలు అన్నీ ఒకే చోట, శుభ్రంగా, కప్పు కింద అమ్మాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. మా ఊళ్లో కూరగాయలమ్మే అక్కలు బస్టాండు రోడ్డు పక్కన ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ కూర్చుంటారు. అందులో సగం మంది నా వార్డు వాళ్లే. మార్కెట్‌కు రెండెకరాలు కావాలి. అధికారులు స్థలాల జాబితా తయారుచేస్తే అందులో మొదటి పేరు మా మైదానానిది. అక్కడ కూల్చడానికి ఏమీ లేదు, ఖాళీ చేయించడానికి ఎవరూ లేరు, మేము తుమ్మ కూడా తీసిపెట్టాం.

నాకు నిద్ర పట్టలేదు. మార్కెట్ వద్దంటే అక్కలకు అన్యాయం, సరే అంటే పిల్లలకు ఉన్న ఒక్క చోటూ పోతుంది. పొద్దున్నే బస్టాండు రోడ్డుకు వెళ్లి ఆ అక్కల మధ్యే కూర్చున్నాను. వాళ్లు చెప్పింది ఏ నివేదికలోనూ లేదు. ఒక పెద్దామె అంది: "బిడ్డా, మైదానం దాకా మా దగ్గరికి ఎవరొస్తరు? బస్సు దిగినోళ్లే కదా మాకు గిరాకీ." మార్కెట్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్క పల్లెల నుంచి బస్సులో దిగేవాళ్లు. కిలోమీటరు నడిచి కూరగాయలు కొనరు. మైదానంలో మార్కెట్ కడితే అది ఖాళీగా ఉంటుంది, అక్కలు మళ్లీ రోడ్డు మీదే కూర్చుంటారు. అలా కట్టి తాళాలు వేసుకున్న భవనాలు మా ప్రాంతంలో కావలసినన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. బస్టాండుకు దగ్గరలో పాడుబడిన క్వార్టర్ల వరస ఒకటుంది. దాన్నే ప్రతిపాదించాను.

కౌన్సిల్ సమావేశం ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఎజెండా ముందుగా ఇస్తారు. అయినా కీలకమైన అంశాలు చివరి నిమిషంలో టేబుల్ ఎజెండాగా వస్తాయి. చదివేలోపే "ఆమోదించడమైనది" అని రాసేస్తారు. సగం మంది మహిళా కౌన్సిలర్లం ఉన్నాం. మాలో చాలామంది భర్తలు బయట వరండాలో కూర్చుని, లోపలికి చీటీలు పంపేవారు. మా ఆయన ఎప్పుడూ రాలేదు, నేను రమ్మనలేదు. ఆ రోజు మార్కెట్ అంశం రాగానే లేచి, విడిగా చర్చించి, విడిగా తీర్మానం చేయాలని కోరాను. వయోధికుల కమిటీ రాసిచ్చిన అర్జీ, అమ్మకందారుల వేలిముద్రలున్న కాగితం రెండూ చదివాను. "మేడమ్, మీకు ఫుట్‌బాల్ అంటే ఇష్టం కాబట్టి ఊరి అభివృద్ధి ఆపుతారా?" అని ఒకాయన అడిగారు. "అన్నా, రెండూ ఊరి అభివృద్ధే. ఏది ఎక్కడ ఉండాలో అడుగుతున్నాను" అన్నాను. చాలాసేపు వాదన జరిగింది. చివరికి మార్కెట్‌కు క్వార్టర్ల స్థలం పరిశీలించాలని, మైదానాన్ని క్రీడాస్థలంగానే ఉంచాలని తీర్మానం అయింది. ఆ పుస్తకంలో సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది.

తీర్మానంతో పని అయిపోతుందనుకుంటే పొరపాటు. ఆ భూమి పురపాలక సంఘానిది కాదు. మన తీర్మానం ఆ భూమిని కట్టేయలేదు. కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. రాసిన ఉత్తరాలకు మొదట జవాబు రాలేదు. వచ్చిన జవాబులో గనుల అవసరాలకు సేకరించిన భూమిని ఇవ్వడానికి వీల్లేదని ఉంది. బాయి మూసి ఇరవై ఏళ్లు దాటింది, ఇంకేం గనుల అవసరం అని అడిగితే, భవిష్యత్తులో రావచ్చన్నారు. కంపెనీ స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలకు జీవో 76 కింద పట్టాలొచ్చాయి. ఎవరి ఇంటికి వాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు, డబ్బు కట్టారు, పట్టా తీసుకున్నారు. మైదానానికి ఎవరు దరఖాస్తు పెడతారు? అందరిదీ అయిన స్థలానికి దరఖాస్తుదారు అనే గడి నింపడానికి మనిషి దొరకడు. ఊరు పునరుద్ధరణ అని ఎంత మాట్లాడినా ఈ గడి దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఉమ్మడి సర్వే అడిగాను. రెవెన్యూ సర్వేయరు, కంపెనీ సర్వేయరు, మా టౌన్ ప్లానింగ్ వాళ్లు ముగ్గురూ ఒకే రోజు కలిసి రావడమే పెద్ద పండగ. ఒకరు వస్తే ఇంకొకరు సెలవు. చివరికి వచ్చినా పాత నక్షాలో ఉన్న హద్దురాళ్లు నేల మీద కనబడలేదు. అప్పుడు వయోధికుల కమిటీలోని ఒక పెద్దాయన ముందుకొచ్చారు. ఆయన ఒకప్పుడు కంపెనీ సర్వే విభాగంలో చైన్‌మన్, అంటే కొలత గొలుసు పట్టే మనిషి. కర్ర పట్టుకుని నడుస్తూ, ఒక చోట నిలబడి "ఇక్కడ తవ్వండి" అన్నారు. మోకాలి లోతులో రాయి దొరికింది. రెండో రాయి కూడా ఆయనే చూపించారు. కొలిస్తే తేలింది ఏమిటంటే, మైదానంలో మూడొంతులు కంపెనీది, దక్షిణం వైపు గోల్‌పోస్టు ఉన్న ముక్క ప్రభుత్వ భూమి. అంటే రెండు చోట్ల నుంచి రెండు అనుమతులు. అయినా నాకు సంతోషమే. ప్రభుత్వ ముక్క విషయం కలెక్టరు పరిధిలో తేలుతుంది. ఆ ముక్క ఆటస్థలంగా ఉంటే కంపెనీకి కూడా మిగతాది వేరే పనికి వాడటం కష్టం.

అధికారుల్లో మంచివాళ్లూ తగిలారు. కంపెనీలో ఒక అధికారి స్వయంగా వచ్చి మైదానం చూశారు. భూమి బదిలీ తన చేతుల్లో లేదని, ఆటల కోసం వాడుకోవడానికి షరతులతో అనుమతి మాత్రం సిఫారసు చేస్తానని చెప్పారు, చేశారు. శాశ్వత కట్టడం ఏదీ కట్టకూడదన్నది షరతు. నాకు కావలసింది కూడా అదే.

2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ప్రతి ఊళ్లో ఆటస్థలం ఉండాలన్న ఉద్దేశం ఎంతో మంచిది. అయితే వాటికి అనుకున్న స్థలం ఎకరం, అదీ దొరకని చోట అంతకన్నా తక్కువ. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్‌కు అది సరిపోతుంది. నూటఐదు మీటర్ల పొడవు, అరవై ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న ఫుట్‌బాల్ మైదానానికి గీతల లోపలే ఎకరంముప్పావు కావాలి. మా దగ్గర ఒక పొద్దున మనుషులు వచ్చి సరిగ్గా మైదానం నడిమధ్యన వాలీబాల్ స్తంభాలకు గుంతలు తవ్వుతున్నారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి "అక్కా, సెంటర్‌లో పాతుతున్నారు" అని చెప్పారు. పోయి మాట్లాడి, స్తంభాలను తూర్పు అంచుకు జరిపించాం. బోర్డు మాత్రం బాగుంది. ఆ బోర్డు పడ్డాక శిథిలాలు పోసే ట్రాక్టర్లు ఆగిపోయాయి, అందుకు దానికి రుణపడి ఉన్నాం.

డబ్బు జిల్లా ఖనిజ నిధి నుంచి అడిగాం. గనులు తవ్విన ప్రాంతానికి ఆ తవ్వకం ఆదాయంలో కొంత తిరిగి రావాలన్నది ఆ నిధి ఉద్దేశం. మా బొగ్గు పోయిన దారిలో మాకు తిరిగొచ్చే డబ్బు అదొక్కటే. చదును చేయడం, పక్క కాలువ, కంచె, ఇనుప గోల్‌పోస్టులు కలిపి అంచనా వేయించాను. సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు వచ్చాయి. టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. పాత పనుల బిల్లులు రాక గుత్తేదార్లు చేతులెత్తేశారు. మళ్లీ పిలిచేలోపు 2023 అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ పడింది. నవంబరు 30న పోలింగు. ప్రభుత్వం మారింది. డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు, అంటే కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే సంఘాన్ని ఎన్నుకునేవి. మా ప్రాంతంలో అవి శాసనసభ ఎన్నికలకు ఏమాత్రం తీసిపోవు. గేటు మీటింగులు, జెండాలు, ఇంటింటి ప్రచారం. ప్రతి సంఘమూ మైదానం తామే బాగుచేయిస్తామని చెప్పింది. చెప్పినవాళ్లందరికీ అంచనా కాగితం జిరాక్సు తీసి ఇచ్చాను.

ఆ తర్వాత చాలా పట్టణాల్లో లాగే మా దగ్గరా చైర్మన్ల మీద అవిశ్వాస తీర్మానాల కాలం వచ్చింది. కౌన్సిలర్లను బస్సుల్లో ఎక్కించి ఎక్కడో రిసార్టులకు తీసుకుపోయే కాలం. నన్నూ రమ్మన్నారు. వెళ్లలేదు. ఓటు వేసే రోజు మా ఇంటి నుంచే ఆటోలో వెళ్లి, నాకు సబబనిపించిన వైపు చెయ్యెత్తాను. ఆ కొన్ని వారాలూ పురపాలక కార్యాలయంలో ఏ ఫైలూ కదలలేదు. చెత్త బండికి డీజిల్ బిల్లు కూడా ఆగింది. పేరుకు స్థానిక స్వపరిపాలన. అయినా పక్కనే ఉన్న మందమర్రిని తలుచుకుంటే మా పరిస్థితే నయమనిపిస్తుంది. అది గిరిజనులకు ప్రత్యేక రక్షణలుండే ఏజెన్సీ ప్రాంతమా కాదా అన్న వివాదంలో చిక్కి దశాబ్దాలుగా పురపాలక ఎన్నికలు చూడలేదు. అక్కడి వాళ్లకు మురుగు కాలువ గురించి అడగడానికి కౌన్సిలరే లేడు.

2024 మేలో లోక్‌సభ పోలింగు అయ్యాక పని మొదలైంది. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే, చెప్పాలని ఉన్నదీ ఇదే. గుత్తేదారు మొరం తెచ్చి పోస్తానన్నారు. మొరం మీద పడితే మోకాలు చెక్కుకుపోతుంది. యువత కమిటీ పిల్లలు ఒప్పుకోలేదు. జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇసుక కలిపి పైపొర వేయాలని వయోధికులు చెప్పారు. మధ్య గీత దగ్గర కొంచెం ఎత్తు ఉంచి రెండు పక్కలకూ వాలు ఇవ్వాలి, లేకపోతే వానాకాలం మొత్తం నీళ్లు నిలుస్తాయి. ఇంజినీరు గారు మొదట విసుక్కున్నా తర్వాత తానే దారం కట్టి వాలు చూశారు. గోల్‌పోస్టులు ఉత్తర దక్షిణాలకే ఉండాలని పట్టుబట్టాం. సాయంత్రం పూట ఆడే ఊరిలో పడమటి ఎండ గోల్‌కీపరు కళ్లలో పడకూడదు కదా. గోల్‌పోస్టు కొలత కూడా మా నాన్న దగ్గర చిన్నప్పుడు విన్నదే: రెండు కంబాల మధ్య ఇరవై నాలుగు అడుగులు, ఎత్తు ఎనిమిది.

జూలైలో వానలు పడగానే గరిక నాటాం. ఏ నర్సరీ నుంచీ కొనలేదు. చెరువు గట్టు మీద నుంచి గరిక తీగలు తెచ్చి, జానెడు జానెడు ముక్కలు చేసి, నాట్లు వేసినట్లే వరసలుగా నాటాం. మా వార్డు మహిళా సంఘాల వాళ్లు వచ్చారు. వరినాటు వేసిన చేతులు కదా, వాళ్ల వరసలు తాడు పట్టినట్లు వచ్చాయి. నీళ్లకు మరో అర్జీ పెట్టాం. భూగర్భ గనుల్లో ఊరే నీటిని పంపులతో పైకి తోడాలి. ఆ నీటిని మైదానానికి మళ్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. బొగ్గు కోసం తోడిపోసిన నీళ్లతో గడ్డి పచ్చబడింది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మొదట వాళ్లు కంచె బయట నిలబడి చూసేవాళ్లు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతోంది. ఆమె ఆటను ఫోనులో చూపించి, సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు మైదానం ఆడపిల్లలదేనని వార్డు సభలో పెట్టాను. కుర్రాళ్లు గొడవ చేశారు. వెలుతురు బాగుండే గంట అదేనని వాళ్ల బాధ. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇంటికి చేరాలి కాబట్టి ఆ గంట వాళ్లదేనని పెద్దాయనలే తీర్పు చెప్పారు. ఇప్పుడు కుర్రాళ్లలో ఇద్దరు వాళ్లకు నేర్పిస్తున్నారు.

ఆ ఏడాది జూన్‌లో కేంద్రం హైదరాబాద్‌లో బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టింది. జాబితాలో మా జిల్లాలోని శ్రావణపల్లి బ్లాకు ఉంది. సింగరేణిలో రాష్ట్రానికి యాభై ఒక్క శాతం, కేంద్రానికి నలభై తొమ్మిది శాతం వాటా. మా కాళ్ల కింది బొగ్గు మా కంపెనీకి దక్కుతుందా, వేలంలో ఎవరికి పోతుంది అని ఊరంతా అదే మాట. అన్ని పార్టీలూ ధర్నాలు చేశాయి. నేనూ కూర్చున్నాను. అక్కడ కూర్చుని ఒకటే అనుకున్నాను. ప్రాంతానికి న్యాయం కావాలని కొట్లాడి రాష్ట్రాన్ని తెచ్చుకున్నవాళ్లం మేము. రాజధానికి, ఢిల్లీకి మధ్య పంపకం ఎలా ఉండాలన్న దానిమీద గంటలకొద్దీ మాట్లాడగలం. జిల్లా కేంద్రం ఎక్కడుండాలన్న దానిమీద ఊళ్లకు ఊళ్లే కొట్లాడుకున్నాయి. తవ్వి వదిలేసిన భూమిని ఆ భూమి మీద బతుకుతున్న పట్టణానికి అప్పగించాలన్న డిమాండు మాత్రం ఏ పార్టీ ప్రణాళికలోనూ నేను చూడలేదు. మా పార్టీ సమావేశంలో ఇదే మాట రాసిచ్చాను. బాయి మూసేసిన నాటి నుంచి ఇన్నేళ్లలోపు అని గడువు పెట్టి, మైదానాలు, బళ్లు, ఆసుపత్రుల ఆవరణలు పురపాలక సంఘానికి చేరాలని ఒక నిబంధన ఉంటే చాలు. ఐదేళ్లు నేను తిరిగిన తిరుగుడు ఇంకో ఊళ్లో ఇంకో కౌన్సిలరు తిరగనక్కరలేదు.

డిసెంబరు 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. పిల్లలను రైల్లో తీసుకెళ్లాను. ఖర్చు నాదీ, కొందరు కార్మికులదీ. బెంగాల్, కేరళ ఆడాయి. ఆట దాదాపు అయిపోతుండగా రోబీ హన్స్‌దా కొట్టిన ఒక్క గోలుతో బెంగాల్ గెలిచింది. మా గోల్‌కీపరు పిల్ల ఆట మధ్యలో విరామం రాగానే కిందికి వంగి గీత అవతల నేల వాలు ఎటుందో చూసింది. "అక్కా, మన దానికన్నా వాలు తక్కువే ఉంది. మరి నీళ్లెటు పోతాయి?" అని అడిగింది. అడుగున పైపులుంటాయని అక్కడి సిబ్బంది చెప్పారు. దారి పొడవునా పిల్లలు పైపుల గురించే మాట్లాడుకున్నారు.

మా పదవీకాలం ముగిశాక ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. నా సంతకానికి విలువ లేదు. పక్క కాలువ సగంలో ఆగింది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. శాశ్వత కట్టడం వద్దన్న షరతు ఉంది కాబట్టి, కదిలించగలిగే మరుగుదొడ్డి గది ఇవ్వాలని సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాను. దానితో పాటు దక్షిణం వైపు ప్రభుత్వ ముక్కను ఆటస్థలంగా రికార్డుల్లో ఎక్కించాలన్న అర్జీ కూడా. రెండింటికీ రసీదులున్నాయి. తీర్మానం నకలు, సర్వే నక్షా, కంపెనీ అనుమతి పత్రం, అంచనా కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి యువత కమిటీ కుర్రాళ్లకు ఒక ప్రతి ఇచ్చాను. మా వార్డుకు రేపు ఎవరు కౌన్సిలరైనా మొదటి వారంలోనే ఆ ఫైలు వాళ్ల ఇంటికి తీసుకెళ్లమని చెప్పాను. ఆదివారం గోదావరిఖని నుంచి అమ్మాయిల జట్టు వస్తోంది. గీతలు వేయడానికి సున్నం తక్కువైందని నిన్న ఫోను చేశారు.